నెల్లూరు సముద్రతీరము: కడలికిని ఊరికిని నడుమ

సముద్రమును చూడవలయునను కోరిక లేనివారు అరుదు. వేసవి సెలవులు రాగానే పిల్లలు అడుగుదురు. కార్తిక పూర్ణిమ వచ్చినచో పెద్దలు స్నానము పేర బయలుదేరుదురు. నెల్లూరు వారికి ఈ కోరిక తీర్చుకొనుట ప్రయాస కాదు. పట్టణమునుండి తూర్పుగా సుమారు 25 కిలోమీటర్లు పోయినచో మైపాడు వచ్చును. బస్సు దిగి కొంత దూరము నడచినచో బంగాళాఖాతము కనుల ముందు నిలుచును. అయితే వచ్చినవారిలో పెక్కుమంది ఒక గంటసేపు అలలలో నిలిచి, వేయించిన చేప తిని, చీకటి పడకముందే తిరుగుబస్సు ఎక్కుదురు. సముద్రమును చూచితిమని చెప్పుకొందురు. వారు చూచినది దాని అంచు మాత్రమే.

ఈ తీరమున కడలి ఎంత చూడదగినదో, కడలికిని ఊరికిని నడుమ పరచుకొనియున్న సన్నని నేల కూడ అంత చూడదగినది. ఈ నేలమీదనే ఉప్పు పండును, రొయ్య పెరుగును, ఇసుకలో తాబేలు గ్రుడ్లు పెట్టును. తుపాను వచ్చిననాడు ఊరికి అడ్డుగా నిలుచునది ఈ నేలయే. దీని తీరుతెన్నులు తెలిసి పోయినవారికి తీరయాత్ర వినోదమును, విద్యయు అగును. తెలియక పోయినవారిలో కొందరు ఇంటికి తిరిగి రారు. ప్రతి సంవత్సరము పండుగ మరునాటి వార్తలలో ఈ దుఃఖము వినవచ్చుచునే యున్నది. కావున ఏమి చూడవలయునో చెప్పుటతోపాటు ఎట్లు చూడవలయునో కూడ చెప్పుట అవసరము.

మొదట ఈ తీరము స్వభావమును గూర్చి రెండు మాటలు. విశాఖపట్టణమున కొండలు సముద్రములోనికి దిగును. ఇచ్చట కొండ లేదు, బండ లేదు. ఉత్తరమున రామాయపట్నమునుండి దక్షిణమున పులికాటు సరస్సు వరకు తీరమంతయు గీత గీసినట్లు తిన్నగా, పల్లముగా, ఇసుకమయమై యుండును. ఈ ఇసుక నదులు తెచ్చినది. పెన్న కన్నడ దేశమున నందికొండలలో పుట్టి, రాయలసీమ దాటి, నెల్లూరు ప్రక్కగా ప్రవహించి, ఊటుకూరు వద్ద సాగరములో కలియును. అది తెచ్చిన ఇసుక వచ్చినచోటనే ఉండదు. నైరృతి గాలులు వీచు నెలలలో అలలు దానిని ఉత్తరమునకు త్రోయును. ఈశాన్య గాలులు వీచు నెలలలో దక్షిణమునకు మరలించును. మొత్తముమీద ఉత్తరమునకు పోవునదే ఎక్కువ. చెన్నపట్టణమున 19వ శతాబ్ది చివర ఓడరేవు గోడలు కట్టిన పిమ్మట ఈ ఇసుక దారికి అడ్డు తగిలినది. గోడలకు దక్షిణమున ఇసుక పేరుకొని నేటి మెరీనా తీరము విశాలమైనది. ఉత్తరమున రాయపురము వైపు కడలి నేలను కోసివేసినది. మనము నిలిచియున్న ఇసుక ప్రయాణములో నున్న ఇసుక అని దీనివలన గ్రహింపవచ్చును.

ఇక ప్రయాణము. నెల్లూరునుండి మైపాడు పోవు దారిలో ఈ నేల పొరపొరగా కనిపించును. అందుచే బస్సులో నిదురపోక, కిటికీ ప్రక్కన కూర్చుండవలయును. మొదట వచ్చునవి పెన్నా డెల్టా వరిపొలములు. 19వ శతాబ్దిలో నెల్లూరు వద్దను, సంగము వద్దను కట్టిన ఆనకట్టలు ఈ పొలములకు నీరిచ్చినవి; వాని స్థానమున 2022లో కొత్త బ్యారేజీలు వచ్చినవి. నెల్లూరు మొలగొలుకుల బియ్యమునకు పేరు తెచ్చినవి ఈ భూములే. ఇందుకూరుపేట ప్రాంతమున పెన్న ఒడ్డున పల్లెపాడు కలదు. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముడు అచ్చట పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. దారిలో ఒక అరగంట కేటాయించి ఆ ఆశ్రమమును, దాని చెంత నదిని పిల్లలకు చూపించుట మంచిది.

వరి సన్నగిల్లినచోట నీటి మడుగులు కనిపింప నారంభించును. అవి రొయ్యల చెరువులు. నీటిని చిలుకు చక్రములు తెల్లని నురుగు లేపుచు తిరుగుచుండును. రొయ్యకు ప్రాణవాయువు అందించుటకై ఆ ఏర్పాటు. 1990 ప్రాంతమున ఈ చెరువులు నెల్లూరు తీరమున వెల్లువవలె పెరిగినవి. వరి పండని చౌడు నేలకు కూడ బంగారపు వెల వచ్చినది. కాని 1994, 95 సంవత్సరములలో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకు చెరువులే పాడైనవి. అప్పులు మిగిలిన కుటుంబములు పెక్కు. చెరువుల ఉప్పునీరు ప్రక్క పొలములలోనికి, త్రాగునీటి బావులలోనికి దిగుచున్నదని గ్రామస్థులు మొరపెట్టిరి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరమునకు మరీ దగ్గరగా నున్న చెరువులను తొలగింపవలెననియు, చిలక, పులికాటు సరస్సులకు వేయి మీటర్ల లోపల అట్టి చెరువులు ఉండరాదనియు తీర్పు చెప్పెను. 2005లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి, తీరప్రాంతపు చెరువులను నమోదు చేయు పద్ధతి నేర్పరచెను. 2009 తరువాత టైగరు రొయ్య స్థానమును వెనామి రొయ్య చాలవరకు ఆక్రమించినది. మీరు కిటికీలోనుండి చూచు ఆ చక్రముల వెనుక ఇంత కథ కలదు.

చెరువులు దాటగానే బకింగ్‌హాం కాలువ వచ్చును. వంతెనపై బండి ఒక నిమిషములో దాటిపోవును. కాని నిలిచి చూడదగిన చోటు. 1806లో చెన్నపట్టణమునుండి ఎన్నూరు వరకు త్రవ్విన కాలువ ఒకటి క్రమముగా ఉత్తరమునకు సాగినది. 1876–78 నాటి మహాక్షామమున ఆకలిగొన్న ప్రజలకు పని కల్పించుటకై చెన్నపట్టణములో కూవము, అడయారు నదులను కలుపు భాగమును త్రవ్వించిరి. నాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే కాలువకు నిలిచినది. ఉత్తరమున పెదగంజాము నుండి దక్షిణమున మరక్కాణము వరకు సుమారు 420 కిలోమీటర్లు కడలి కొక ప్రక్కగా ఇది సాగును. ఒకప్పుడు నెల్లూరు సీమ ఉప్పును, వంటచెరకును పడవలలో చెన్నపట్టణమునకు చేర్చినది ఈ కాలువయే. రైలు వచ్చినది, లారీలు వచ్చినవి. 1960, 70 దశకములలోని తుపానులకు గట్లు తెగి, ఇసుక నిండి, పడవ ప్రయాణము ఆగిపోయినది. 2008లో దీనిని జాతీయ జలమార్గములో భాగముగా ప్రకటించిరి.

పడవలు పోయిన తరువాత కూడ కాలువ ఊరకుండలేదు. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయమున సునామీ వచ్చినపుడు, తీరము దాటి లోనికి చొచ్చుకొని వచ్చిన నీటిని పలుచోట్ల ఈ కాలువ తనలో ఇముడ్చుకొని, మరల సముద్రమునకు పంపినది. కాలువకు పడమట నున్న గ్రామములు కొన్ని అందువలన గండము తప్పించుకొన్నవి. సరకు రవాణాకై త్రవ్విన కాలువ నూరేండ్లు గడచిన తరువాత ఊరికి కందకమై నిలిచినది.

కాలువ దాటినచో సరుగుడు తోటలు. గాలికి అవి చేయు ధ్వని సముద్రఘోషకు శ్రుతి పట్టినట్లుండును. ఈ చెట్టు మన దేశమునకు పరదేశి. 19వ శతాబ్దిలో రైలు ఇంజనుల వంటచెరకు కొరకు చెన్నరాష్ట్రపు తీరమున దీనిని విరివిగా పెంచిరి. నేడు పేదరైతుకు ఆదాయము. గాలికి, ఎగురు ఇసుకకు అడ్డుకట్ట. తోట దాటగానే ఇసుక దిబ్బలు. వీనిపై మేకడెక్క వంటి ఆకులతో, ఊదారంగు పూవులతో ఒక తీగ ప్రాకియుండును. దాని వేరు ఇసుకను పట్టి నిలుపును. ప్రక్కనే ముండ్ల బంతులవంటి గడ్డి కంకులు గాలికి దొర్లుచు పోవును. పిల్లలు వాని వెంట పరుగిడుదురు. 'రావణాసురుని మీసములు' అని జనులు వానికి పెట్టిన పేరు. ఇంటికి తెచ్చుకొనదగిన వస్తువు కాదు; దొర్లుచు పోయి విత్తనము చల్లుటకే అది పుట్టినది. దిబ్బను చదును చేసి, తీగను పెరికివేసినచోట ఇసుక నిలువదు. ఇసుక నిలువనిచోట తుపాను నీరు ఆగదు.

ఇప్పుడు ఒడ్డు. మన తీరమున సూర్యుడు సముద్రములోనుండి ఉదయించును. అందుచే ఇచ్చట చూడవలసిన వేళ తెల్లవారుజాము. ఆ వేళకు పోయినచో వేటకు పోయిన పడవలు తిరిగి వచ్చుట చూడవచ్చును. పట్టపువారి పల్లెలు ఈ తీరము పొడవునను కలవు. 'పాళెము' అను మాటతో ముగియు పేర్లు చూచి వానిని గుర్తింపవచ్చును. వెనుకటి తరము దుంగలు చేర్చి కట్టిన తెప్పలపై కడలిమీదికి పోయెను. నేడు ఫైబరు పడవ, దానికి ఇంజను. ఒడ్డునుండి లాగు పెద్ద వల మాత్రము నేటికిని చూడవచ్చును. రెండు వైపుల రెండు జట్లు నిలిచి, పదము పాడుచు, ఒక లయతో వలను లాగుదురు. వల ఒడ్డునకు వచ్చినపుడు గుంపుగా పైబడక, కొంచెము దూరముగా నిలిచి చూచుట మర్యాద. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషేధము. చేపలు గ్రుడ్లుపెట్టి వృద్ధియగుటకై ఈ నియమము. ఆ దినములలో పోయినచో పడవలు ఒడ్డున విశ్రమించుచు, వలలు బాగుచేసికొనుచు ఉన్న పల్లె కనిపించును. అదియు ఒక దృశ్యమే.

స్నానమును గూర్చి ఇప్పుడు జాగ్రత్తగా వినవలయును. అల ఒడ్డునకు నీటిని తెచ్చును. ఆ నీరు మరల లోనికి పోవలయును గదా! తీరమునకు కొంత దూరమున నీటి అడుగున ఇసుక మెట్ట యుండును. తిరిగిపోవు నీరు ఆ మెట్టలో గండి దొరికినచోట ఇరుకైన ప్రవాహమై వేగముగా లోనికి పరుగిడును. దాని వేగము ఒక్కొక్కప్పుడు సెకనుకు రెండు మీటర్లు దాటును. ప్రపంచమున మేటి ఈతగాడు కూడ దానికి ఎదురీదజాలడు. మోసమంతయు ఇచ్చటనే కలదు. ఆ చోట అలలు తక్కువగా విరుగును. నీరు నెమ్మదిగా నున్నట్లు కనిపించును. ఇరుప్రక్కల తెల్లని నురుగు, నడుమ మాత్రము ముదురు రంగో, మట్టి రంగో కలిగిన త్రోవ. తెలియనివారు 'ఇచ్చట అలలు లేవు, పిల్లలకు మంచిచోటు' అనుకొని అచ్చటనే దిగుదురు.

బావిలోను, చెరువులోను ఈత నేర్చిన యువకులే ఎక్కువగా ఈ ప్రవాహమునకు బలియగుచుందురు. ఈత వచ్చునను ధైర్యముతో ఒడ్డువైపునకు ఎదురీది, అలసి మునిగిపోవుదురు. ఒకవేళ దానిలో చిక్కినచో చేయవలసినది ఇది: భయపడి చేతులు కొట్టుకొనరాదు. ఆ ప్రవాహము మనిషిని అడుగునకు లాగదు, లోనికి మాత్రమే కొనిపోవును. అలలు విరుగు చోటు దాటగానే దాని బలము తగ్గును. కావున వెల్లకిల తేలుచు ఊపిరి నిలుపుకొని, ఒడ్డునకు ఎదురుగా గాక, ఒడ్డు పొడవునకు ప్రక్కగా ఈదవలయును. త్రోవ వెడల్పు సామాన్యముగా కొద్దిపాటిదే. దానినుండి బయటపడిన తరువాత అలల సహాయముతో ఒడ్డునకు రావచ్చును. చేయెత్తి కేక వేయుట సిగ్గు కాదు.

ఒడ్డున నున్నవారు కూడ ఒక మాట గుర్తుంచుకొనవలయును. మునుగువానిని చూచి ఒకరి వెనుక ఒకరు దుముకుటవలననే ఒక ఇంటిలో ఇద్దరు ముగ్గురు పోవుట జరుగుచున్నది. ముందుగా పడవవారిని పిలువవలయును. తాడో, గాలి నింపిన ట్యూబో, మూత బిగించిన ఖాళీ నీళ్ళ డబ్బాయో, తేలు వస్తువు ఏది చేతికందినను విసరవలయును. నీటిలో దిగుటకు ముందు అచ్చటి పట్టపుపల్లె వారినెవరినైన పలుకరించి, "అన్నా, ఈ పొద్దు నీళ్ళెట్టుండాయి?" అని అడుగుట అన్నిటికంటె మేలు. ఏ చోట గండి యున్నదో, నిన్నటికిని నేటికిని అది ఎటు జరిగినదో వారికి తెలియును. పోలీసులు వద్దన్నచోట దిగకుండుటయు, మద్యము సేవించినవారిని నీటికి దూరముగా ఉంచుటయు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ సందర్భమున కార్తికస్నానమును గూర్చి ఒక మాట. నెల్లూరు సీమకు వర్షమును ఎక్కువగా తెచ్చునది ఈశాన్య ఋతుపవనము. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టు కాలము. 1927 నవంబరులో నెల్లూరును పాడుచేసిన తుపాను, 1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతమున తీరము దాటిన తుపాను, 1989 నవంబరులో కావలివద్ద తీరము దాటిన తుపాను, ఈ మూడును కార్తికమాసపు రోజులలోనివే. జనము ఎక్కువగా సముద్రమునకు పోవు మాసమును, సముద్రము ఎక్కువగా అలజడి చెందు మాసమును ఒకటే అయినవి. పుణ్యమునకు మోకాటిలోతు నీరు చాలును. చెంబుతో ముంచి తలపై పోసికొన్నను స్నానము స్నానమే.

బయలుదేరుటకు ముందు రేడియోలో వాతావరణ వార్త వినుట మంచి అలవాటు. 'కృష్ణపట్నం రేవులో మూడవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసిరి' అను మాట మీరు పెక్కుసారులు విని యుందురు. దాని అర్థము ఇది. ఒకటి, రెండు నంబరులు దూరపు హెచ్చరికలు: సముద్రములో ఎచ్చటనో వాయుగుండమో, తుపానో ఏర్పడినది. మూడు, నాలుగు నంబరులు ఆ రేవునకే సంబంధించినవి: గాలివాన రావచ్చును. అయిదు మొదలు ఏడు వరకు ప్రమాద సూచికలు. ఎనిమిది మొదలు పది వరకు మహాప్రమాద సూచికలు. వీనిలోని నంబరు భేదములు తుపాను రేవునకు ఏ ప్రక్కగా తీరము దాటునో తెలుపును. పదునొకటవది వార్తాసంబంధములు తెగినవని అర్థము. ఏ నంబరు ఎగిరినను విహారయాత్రికునకు ఉపదేశము ఒక్కటే: ఆనాడు తీరమునకు పోవలదు. హైదరాబాదులోని సముద్రసమాచార కేంద్రము ఎత్తైన అలలను గూర్చి ముందుగనే హెచ్చరించును. 2007 నుండి సునామీ హెచ్చరిక కేంద్రము కూడ అచ్చటనే పనిచేయుచున్నది.

మైపాడు ఒక్కటియే గాక చూడదగిన చోట్లు ఇంకను కలవు. తోటపల్లిగూడూరు మండలములో కొత్తకోడూరు తీరము కలదు. అచ్చటి వేళాంగణిమాత ఆలయమునకు అన్ని మతములవారు పోవుదురు. దానికి దక్షిణమున కండలేరు ఉప్పుటేటి ముఖమున కృష్ణపట్నము కలదు. చిరకాలము చిన్న రేవుగా నుండి, 2008లో పెద్ద ఓడలు వచ్చు రేవుగా మారినది. ఉత్తరమున అల్లూరు వైపు ఇసకపల్లిలో ఉప్పు కొఠారులు చూడవచ్చును. ఎండకాలమున ఉప్పునీటిని ఒక కయ్యనుండి మరియొక కయ్యకు మార్చుచు, ఎండకు చిక్కబరచి, చివరి కయ్యలో గడ్డకట్టిన ఉప్పును పాపటి పలకలతో ఒడ్డునకు లాగుదురు. ఒక్క అకాలవర్షము వచ్చినచో వారాల శ్రమ కరగిపోవును. మన వంటింటి చిటికెడు ఉప్పు వెనుక ఎంత ఎండ కలదో పిల్లలు కన్నులార చూతురు.

చరిత్రపై ఆసక్తి గలవారు దక్షిణమున దుగరాజపట్నము పోవలయును. 1626లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ వారు అచ్చట వర్తకస్థానము నెలకొల్పి, ఆర్మగాన్ అని పిలిచిరి. ఆరుముగ మొదలియారు అను స్థానికుని పేరు వారి నోట అట్లయినదని చెప్పుదురు. అచ్చటి అధికారి ఫ్రాన్సిస్ డే అనునతడే అనుకూలమైన మరియొక చోటు వెదకుచు దక్షిణమునకు పోయి, 1639లో దామెర్ల నాయకులనుండి ఒక ఇసుకతీరమును పొందెను. అదియే చెన్నపట్టణము. మహానగరమునకు బీజము పడినచోట నేడు నిశ్శబ్దమైన పల్లెయు, ఆర్మగాన్ పేరిటి దీపస్తంభమును మాత్రమే కలవు.

మరికొంత దక్షిణమున పులికాటు సరస్సు. చిలక తరువాత మన దేశమున అంతటి ఉప్పునీటి కయ్య లేదు. 2022లో జరిగిన జిల్లాల విభజనలో సూళ్ళూరుపేట, తడ ప్రాంతములు తిరుపతి జిల్లాలో చేరినవి. పక్షులకు మాత్రము ఈ హద్దులు తెలియవు. సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు దారి సరస్సు నడుమగా సాగును. అక్టోబరునుండి మార్చి వరకు ఆ దారికి ఇరుప్రక్కల లోతులేని నీటిలో రాజహంసలని జనులు పిలుచు ఫ్లెమింగోలు వేలకొలది నిలిచి యుండును. తలను తలక్రిందుగా నీటిలో ముంచి, ముక్కుతో నీటిని వడగట్టి సూక్ష్మజీవులను తినును. రెక్కలలోని గులాబిరంగు ఆ తిండివలననే కలుగును. సరస్సు బ్రతుకు కడలితో కలియు మొగలపై ఆధారపడియున్నది. కొండూరుపాళెము, రాయదొరువు వద్ద మొగలు ఇసుకతో పూడినచో నీరు తగ్గును, చేప తగ్గును, జాలరి వలస పోవును. ప్రయాణము చేయు ఇసుక ఇచ్చట ఆ విధముగా చిక్కు తెచ్చిపెట్టుచున్నది.

దొరవారిసత్రము వద్ద నేలపట్టు పక్షికేంద్రము కలదు. 1976లో దానిని రక్షితస్థలముగా ప్రకటించిరి. మంచినీటి చెరువులో మునిగి నిలిచిన నీటికడప చెట్లపై గూడబాతులు, నత్తగుల్లకొంగలు గూళ్ళు కట్టును. అవి మేతకు పులికాటునకు పోయి, పిల్లలకై తిరిగి వచ్చును. పక్షుల రెట్టలతో సారవంతమైన ఆ నీరు పొలములకు ఎరువగునని ఎరిగిన రైతులు తరతరములుగా వానిని చేయిచేసికొనక కాపాడిరి. దుర్భిణి ఉన్నవారు తీసికొనిపోవలయును. కేకలు, టపాకాయలు మానవలయును.

శ్రీహరికోట ద్వీపమునుండి 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు ఎగిరినది. తూర్పున సముద్రమే యుండుటచే రాలిపడు భాగములవలన జనులకు అపాయము తక్కువ; భూమి తూర్పునకు తిరుగుటచే రాకెట్టునకు కొంత వేగము ఊరక లభించును. అందుచేతనే ఆ ద్వీపమును ఎన్నుకొనిరి. అచ్చట అడవిని నమ్ముకొని బ్రతికిన యానాదులు కొత్త నివాసములకు మారవలసి వచ్చినది. ఆ సంగతి కూడ గుర్తుంచుకొనవలయును. 2019 నుండి సామాన్యప్రజలు ముందుగా పేరు నమోదు చేసికొని, ప్రత్యేకముగా కట్టిన గ్యాలరీనుండి ప్రయోగములను చూడవచ్చును. 2023 జూలై 14న చంద్రయాన్-3 చంద్రునికై బయలుదేరినది ఇచ్చటినుండియే.

భోజనము మాట రాక తీరయాత్ర ముగియదు. నెల్లూరు చేపల పులుసు దేశమంతట పేరుపొందినది. చింతపండు పులుపునకు తోడు మామిడికాయ ముక్కలు వేయుట ఇచ్చటి తీరు. వంజరము, చందువ, పండుగప్ప, కాలమును బట్టి ఏది తాజాగా దొరకినచో అది మేలు. మట్టిచట్టిలో వండి, రాత్రి ఉంచి, మరునాడు తిన్నపుడు దాని రుచి తెలియును. శాకాహారులు వేసవిలో తాటిముంజలతో తృప్తి పొందవచ్చును.

జనవరినుండి మార్చి వరకు ఈ ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ గ్రుడ్లుపెట్టును. మరబోటుల వలలలో చిక్కి ఊపిరాడక చచ్చి ఒడ్డునకు కొట్టుకొని వచ్చునవియు కలవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానికి పూర్తి రక్షణ నిచ్చినది. గ్రుడ్లు ఏడెనిమిది వారములలో పొదుగును. పుట్టిన పిల్ల వెలుతురు ఉన్నవైపు కడలి యున్నదనుకొని నడచును. అందుచే రాత్రివేళ ఒడ్డున గట్టి దీపములు వెలిగించుటవలనను, కార్లు నడుపుటవలనను వాని ప్రాణములు పోవును. ప్లాస్టికు సంచిని నీటిలో చూచి జెల్లీచేప యని మ్రింగును. మనము తెచ్చిన సంచిని మనమే తిరిగి కొనిపోవుట ఎంతటి పని?

కుటుంబముతో పోవువారికి డిసెంబరు చివరినుండి మార్చి మొదటి వరకు గల కాలము అనుకూలము. గాలి చల్లగా నుండును, పక్షులు ఉండును, తుపానుల భయము తగ్గును. ఒకనాడు మైపాడు, పల్లెపాడు. మరియొకనాడు నేలపట్టు, పులికాటు చూచినచో చాలును. సాయంకాలము నెల్లూరు చేరి పెన్న ఒడ్డున రంగనాథస్వామి గోపురమును చూడవచ్చును. మొహరము దినములలో వచ్చినవారు స్వర్ణాలచెరువు వద్ద బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగను చూడవచ్చును. కోరిక తీరినవారు రొట్టె ఇత్తురు, కోరిక గలవారు పుచ్చుకొందురు, ఇచ్చువారిని పుచ్చుకొనువారిని మతమేమని ఎవరును అడుగరు.

బయలుదేరునపుడు త్రాగునీరు, టోపీ, ఒక పొడవైన తాడు మరువవలదు. పిల్లల చేయి విడువవలదు. ఒడ్డున నిలిచినపుడు ఒకసారి వెనుకకు కూడ తిరిగి, దిబ్బను, తోటను, కాలువను వరుసగా చూడుడు. ఆ మూడును నిలిచియున్నంతకాలము వాని వెనుక నున్న ఊరు రాత్రివేళ నిశ్చింతగా నిదురించును.